పద్నాలుగు గళ్ళు

ముందు స్పూను తోకతో పెకిలించేదాన్ని.
తర్వాత అట్లకాడతో.
ఒక ఏప్రిల్ మధ్యాహ్నం, కరెంటు పోయి వచ్చాక,
ట్రే ఫ్రీజరుకి కరుచుకుపోతే
కూరలు తరిగే కత్తి దూర్చాను.
స్స్‌స్... అంది.
పాము కాదు, గ్యాసు.

మెకానిక్ సెల్వం వచ్చి
చిల్లు మీద వేలు పెట్టి చూసి
"ఫ్రిజ్జుని పొడిచేశారా అక్కా?" అన్నాడు.
మూడు వేల రెండొందలు.
చూళైలో మా వీధంతా వారం రోజులు నవ్వింది.
ఎందుకు పొడిచానో సెల్వానికి చెప్పలేదు.

కేశవులుకి రోజుకి ఏడొందల మిల్లీలీటర్లు.
డాక్టరమ్మ చీటీ మీద రాసి
కింద రెండు గీతలు గీసింది.
కాఫీ, చారు, మజ్జిగ, మాత్రలు దిగడానికి గుక్కలు
అన్నీ పోను
ఐసుకి మిగిలేది రెండొందల పది.
దగ్గుమందు మూతతో గడికి పదిహేను.
నీళ్ళయితే నాలుక తడిసేలోగా గొంతు దిగిపోతాయి.
ఐసు కాసేపు నోట్లో కాపురముంటుంది.

ఇరవై రెండేళ్ళు నీళ్ళ లారీ తోలిన మనిషి.
వీపు వెనక తొమ్మిది వేల లీటర్లు తొణుకుతుంటే
పెరంబూరు వంతెన ఎక్కి దిగిన మనిషి.

అందుకే ముక్క విరగకూడదు.
విరిగినదాన్ని ఎంతని లెక్కకట్టేది?
ట్రేని కుళాయి కింద పట్టమంటారు అందరూ.
పడితే వస్తాయి. నిజమే.
గడికి రెండు మిల్లీలీటర్లు కుళాయి నాకేస్తుంది.
ఆ రెండూ ఈయనవి.
అంచులకి నువ్వులనూనె రాశాను.
"ఐసుతో దోసె పోశావేందే" అని ఉమ్మేశాడు,
మళ్ళీ దాని బదులు ఇంకోటి అడిగాడు.

చివరికి మేడమీద మంగైయర్కరసి నేర్పింది.
నీళ్ళు కాచి చల్లార్చు.
నిండా పోయకు, పక్క గడితో చేతులు కలుపుతాయి.
ట్రే కింద గుడ్డ పరువు.
(ఖాకీ చొక్కా వీపు చించి పరిచాను. జేబు ఉంచుకున్నాను.)
బయటికి తీశాక ఐదు నిమిషాలు
దాని మానాన దాన్ని వదిలెయ్.
అప్పుడు రెండు చివర్లూ పట్టుకుని
తడిబట్ట పిండినట్టు ఒక్క మెలి.

పద్నాలుగూ లేచొచ్చాయి,
పాలపళ్ళు ఊడినట్టు.

కాచిన నీళ్ళ ఐసు అద్దంలా ఉంటుంది.
క్యాన్ నీళ్ళది నడుమ తెల్లగా
కంట్లో పువ్వేసినట్టు ఉంటుంది.
ఆ సంగతి ఆయనకి తెలీదు.
ఒక శుక్రవారం పొద్దున్న ట్రేలో
మూడు కళ్ళకి పువ్వులు.

శనివారం తూకంలో మూడు కిలోలు ఎక్కువ.
నర్సు నా వైపు చూసింది.
నేను ఫ్యాను వైపు చూశాను.

ఏమీ అడగలేదు.
ఆ రాత్రి మూతలో గీత మార్చాను:
పదిహేను కాదు, పది.
ముక్కలు చిన్నబోయాయి.
లెక్క మాత్రం పద్నాలుగే.
"ఫ్రిజ్జుకి వయసైపోయింది,
ఇదివరకట్లా గడ్డ కట్టట్లా" అన్నాడు కేశవులు
ముక్కని ట్యూబులైటుకి ఎత్తి చూస్తూ.
"ఒకసారి గ్యాసు పోయింది కదా" అన్నాను.

ఇప్పుడు కత్తిరి ఎండలు.
రాత్రి రెండింటికి కూడా గోడ చెయ్యి పెట్టనివ్వదు.
పక్కలో చోటు ఖాళీ.
వంటింటి గడప మీద ఫ్రిజ్జు వెలుతురు.
నాలా మెలి తిప్పడు.
ఏ గడికాగడి అడుగున బొటనవేలితో నొక్కుతాడు,
హారన్ నొక్కిన వేలే,
ఎంత మెత్తగానో.

టక్.

పంటికి ఐసు తగిలే చప్పుడు.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత క్యాన్ వంగడం,
ఖాళీ అయిన గడిలోకి సన్నటి ధార,
బయట ఒక్క చుక్క ఒలకనివ్వడు.

టక్.

గడికి ఐదు చొప్పున డెబ్బై దాచి ఉంచాను.
ఏడు ముక్కల దాకా
ఆ దొంగతనం నా ఖాతాలోనే.
కళ్ళు మూసుకునే ఉన్నాను.
నాలుగు.
ఐదు.

ఏడు దాటితే దగ్గుతాను.