గోలు ముందు మడుగు

కొత్త స్టేడియంలో కుర్చీలున్నాయి,
వాటికి నంబర్లు కూడా వేశారు.
నాది ఎఫ్ ముప్పై ఒకటి.
అక్కణ్ణించి ఆట బాగానే కనబడుతుంది.
ఆటగాడి ఊపిరి మాత్రం వినబడదు.

నెల్లిమర్లలో, మిల్లు గోడౌన్ల వెనక,
మా గేలరీ అంటే కూలిన ప్రహరీ, నాలుగు బేళ్ల దిమ్మలు,
తుప్పు పట్టి పక్కకొరిగిన పాత బాయిలరు.
బాయిలరు మీద చోటు దొరకాలంటే
ఎవడో ఒకడికి ఓవర్‌టైము పడాలి.
పడాలని దండం పెట్టుకున్న రోజులూ ఉన్నాయి.

గోలు వలలు మిల్లు ఆడవాళ్లు అల్లినవి,
అన్నాల బెల్లుకీ మళ్లీ బెల్లుకీ మధ్య, జనపనార పురితో.
బంతి వెళ్లి వాటిలో పడితే చప్పుడుండేది కాదు,
గుప్పెడు పసుప్పచ్చని ధూళి లేచేది.
ధూళి లేచిందా, గోలే.
డేనియల్ మాస్టారి విజిలు తర్వాత సంగతి.

రెండింటికి కూత కూయగానే
ఏ షిఫ్టు కుర్రాళ్లు తలనిండా నూగుతో పరిగెత్తుకొచ్చేవాళ్లు.
ఇరవయ్యేళ్లకే అందరూ ముసలాళ్లలా ఉండేవారు.
అప్పుడది దులుపుకుంటే పోయేది.

గ్రౌండు చంపావతి వేపు వాలు.
టాస్ గెలిస్తే ముందు ఎగువకి ఆడటం మా శాస్త్రం.
రెండో సగంలో పల్లం, ఇంక బంతి కూడా మా మనిషే.
ఒక శ్రావణంలో మజ్జి రాములు కొట్టిన షాట్
గోలు దాటి, గట్టు దాటి, వరదలో పడింది.
ఈపాటికి కోనాడ దాకా పోయి
సముద్రం చూసుంటుంది అనుకునేవాళ్లం.
మాలో సగంమంది అప్పటికి చూడలేదు.

పల్లపు గోలులో తవుడు.
ముందు పుట్టినవాళ్లు దక్కక
తవిటికి అమ్మి, తవిటికే తిరిగి కొనుక్కున్న పిల్లడు.
పార్వతీపురం వాళ్లు ఆరువందలిస్తామన్నారు, బూట్లతో సహా.
"తవుడెట్టి కొన్నోల్లకాడే ఉంతాను బావూ" అన్నాట్ట.
అన్నాడో లేదో తెలీదు.
బాయిలరు మీద ఉన్నవాళ్లందరం విన్నాం.

ఆఖరి మ్యాచ్ అని ఎవరూ చెప్పలేదు.
సున్నా, సున్నా. ముసురు.
బస్సు దొరకదని పది నిమిషాల ముందే లేచిపోయాను.
ఆ సోమవారం గేటుకి కాగితం అంటించారు.
ఆ తర్వాత రాళ్లు పాతారు, సున్నం గీతలు గీశారు,
మేం గీసిన గీతల మీద అడ్డంగా.
ఆ పది నిమిషాల్లో ఏం జరిగిందో
ఇప్పటికీ ఒక్కొక్కడూ ఒక్కోలా చెబుతాడు.

మొన్న వానల్లో తవుడూ నేనూ ఆ వీధిలో నడిచాం.
సెంటరు సర్కిలు ఎక్కడన్నది తేలలేదు,
ట్రాన్స్‌ఫార్మరు దగ్గరంటాడు తను,
టైలరు కొట్టు కింద అంటాను నేను.
ఏటి వేపు చివరింట్లో ఒకాయన
చీపురుతో నీళ్లు తోస్తున్నాడు.
బేంకు ఉద్యోగం, ఊరికి కొత్త.
"మూడుసార్లు మట్టి పోయించానండీ,
గుమ్మం ముందే నిలిచిపోతున్నాయి,
ఇంజినీరుకీ అంతుపట్టటం లేదు."

తవుడు ఆ మడుగుని చాలాసేపు చూశాడు.
"నిలస్తాయి బావూ.
పద్దెనిమిదేళ్లు మడమతో తవ్వినాను."

ఆయనకి అర్థం కాలేదు.
ఎవరో పెద్దాయన, తడిసిపోయాడని
లోపల్నించి కాఫీ తెప్పించాడు.
కుర్చీ వేస్తే తవుడు కూర్చోలేదు.
మోకాళ్లు కాస్త వంచి,
ఎగువనించి వచ్చే వీధి కేసి చూస్తూ,
గ్లాసుని రెండు చేతులా పట్టుకున్నాడు,
గుండెకి ఆనించి.