మొదటి అంకె

ఫ్లింట్‌లో మా యూనియన్ హాలు ముందు
ఒక బోర్డుంది, నా ఉద్యోగం కంటే పాతది:
విదేశీ కార్లు ఇక్కడ ఆపరాదు. ఆపితే లాక్కెళ్తాం.
లాక్కెళ్లేది నేనే.
అంటే ఫోన్ చేస్తాను, అంతే.
పదకొండేళ్లలో రెండుసార్లు చేశాను.
ఒకటి పిజ్జా కుర్రాడి బండి.
పిజ్జా మేం తెప్పించుకున్నదే.

వెనకటికి ఈ పని తేలిక.
బండి ముక్కు మీది గుర్తు చూస్తే
మనదో పరాయిదో తెలిసిపోయేది.
ఇప్పుడు గుర్తు ఒక దేశానిది, పుట్టుక ఇంకో దేశానిది,
గేరుపెట్టె మూడో దేశంలో ఓడెక్కి వస్తుంది.
పేరు గొప్పే, కాదనను.
ఊరేదని అడిగితే మాత్రం
అమ్మేవాడు కాఫీ కలుపుకోవడానికి లేస్తాడు.

అందుకని మంచు తుడిచి, నడుం వంచి,
అద్దం మూల కిందున్న రేకు చదువుతాను.
పదిహేడు అక్షరాలు. నాకు మొదటిది చాలు.
ఒకటి, నాలుగు, అయిదు అయితే ఇక్కడిది.
రెండు కెనడా.
మూడు మెక్సికో.

పోయిన ఫిబ్రవరిలో, పింఛన్ల మీటింగు రోజు,
లియోనా వోయ్‌తాసిక్ వచ్చింది.
ముప్పై ఒక్క ఏళ్లు తలుపులు బిగించిన మనిషి,
అవీ ఎడమవే.
కుడివాటి గురించి అడిగితే
"ఫిలిస్‌ని అడగండి" అంటుంది ఇప్పటికీ.
ఫిలిస్ పోయి ఆరేళ్లు.

చిన్న కారు, పచ్చి బఠాణీ రంగు,
ముక్కు మీద జపాన్ గుర్తు.
మెట్ల మీద సిగరెట్లు ఆగాయి.
ఆవిడ అద్దం దింపి, "వంగు. చదువు" అంది.
"నాలుగు."
"గట్టిగా. వాళ్లకి వినపడాలి.
ఇండియానాలో చేశారు దీన్ని,
పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరతావు."

ఆవిడ వెనకే మా కార్యదర్శి హేవర్‌కాంప్.
కొత్త బండి, మన గుర్తే,
వెనకద్దం మీద జెండా కూడా.
నా నడుం అప్పటికే వంగి ఉంది,
కన్ను దానంతటదే చదివేసింది.
మూడు.
నేనేమీ అనలేదు. మంచు పడుతోంది.
"నెలకి పాతిక డాలర్లు తక్కువ పడింది" అన్నాడాయన,
అడగకుండానే.

ఇంతలో లియోనా వచ్చి
ఎవరినీ అడక్కుండా ఆయన తలుపు తీసింది, మూసింది.
పుచ్చకాయ మీద తట్టి వినేవాళ్లలా
తల ఓరగా పెట్టి ఇంకోసారి మూసింది.
థప్.
"కీలు సరిగ్గా కూర్చుంది. రబ్బరు ఎక్కడా నలగలేదు.
షిఫ్టు చివర్లో చేసినా
ఈ మనిషికి చెయ్యి వణకలేదు."
"చివర్లో అని నీకెట్లా తెలుసు?"
"తెలీదు. నాకు చివర్లోనే వణికేది."

హేవర్‌కాంప్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

లోపలికి నడుస్తూ నాకొక్కడికే చెప్పింది:
"కొనేటప్పుడు నేనూ అడగలేదయ్యా ఎక్కడ చేశారని.
హీటరు ఎట్లా ఉంటుందని అడిగాను.
వెనక సీట్లో కుక్క పడుతుందా అని అడిగాను.
అంకె చూసింది ఇంటికొచ్చాకే,
రాత్రి, టార్చి వేసి,
పక్కింటివాళ్లు పడుకున్నాక."
"మూడు అయ్యుంటే?"
"బస్సెక్కి వచ్చేదాన్ని."
కాస్త ఆగి, "మీటింగులకి మాత్రమే" అంది.

నేనెవరికీ ఫోన్ చేయలేదు.
బోర్డు తీసేద్దామా అని కమిటీని అడిగితే
వచ్చే నెల చర్చిద్దామన్నారు.
ఆ నెలా వచ్చి వెళ్లిపోయింది.

వాళ్లందరూ లోపలికి వెళ్లాక
నా గుడిసెలోకి వచ్చి తలుపు లాక్కున్నాను.
పడదు. ఎన్నడూ పడలేదు.
మా సభ్యులే ఒక ఆదివారం
ఇక్కడే కొలిచి, ఇక్కడే కోసి, ఇక్కడే బిగించిన తలుపు.
సందులో అట్టముక్క మడిచి పెట్టి
కాళ్లు హీటరు దగ్గరికి జరుపుకున్నాను.