కశాయం

ఆ వాక్యం నాదేనని
అందులో తప్పు చూసి గుర్తుపట్టాను.

ష రాయాల్సిన చోట శ.
ఆరేళ్ల కిందట
బ్రాడీపేట నాలుగో లైనులో,
కింద జిరాక్సు మిషన్ల వేడికి
గచ్చు కాలే మేడగదిలో,
మాటకి పావలా లెక్కన
రోజుకి రెండువేల మాటలు రాసేవాణ్ణి.
సోమవారం ఉసిరి,
మంగళవారం మెంతులు,
బుధవారం తిప్పతీగ.

తిప్పతీగని అప్పటికి నేను చూడనేలేదు.
ఆకు గుండెలా ఉంటుందని రాశాను
ఎవరో రాసింది చూసి.
వాళ్లూ ఎవరిదో చూసే ఉంటారు.
చివరి పేరా బోసిగా ఉందనిపించి
ఇంకో ఎనిమిది మాటలు అతికించాను:
ఈ కశాయం ఎన్నాళ్లు తాగినా ఒంటికి ఏ నష్టమూ లేదు.
రెండు రూపాయలు.
దిగి వెళ్లి టీ తాగాను.

మొన్న మా మెట్ల కింద గదిలో ఉండే సలోమి,
కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే సలోమి,
ఘాటెక్కిన వేళ్లు తగలకుండా
కణుపుతో ఫోను తెర జరిపి
"ఇదిగో సార్, రాసే ఉందిగా" అని చూపించింది.
నేను తెర చూడకముందే
ఆమె కళ్లు చూశాను.
పచ్చగా ఉన్నాయి.

కొత్తపేటలో డాక్టరమ్మ అడిగింది,
ఇంకేమన్నా మందులు వాడావా అని.
"మందులెక్కడియమ్మా, ఆకే" అంది సలోమి.
మూడు నెలలు, పరగడుపున, గ్లాసుడు.
డాక్టరమ్మ కాగితాల వంక చాలాసేపు చూసి
"దానివల్లేనని ఇప్పుడే అనలేను,
కాదనీ అనలేను.
ముందు ఆపెయ్" అంది.
అంత పొదుగ్గా మాట్లాడిన మనిషిని
నేనెప్పుడూ వినలేదు.

సాయంత్రం పట్నంబజారు వెళ్లాను.
మూలికల కొట్లో బుడే సాహెబు గారిని
తిప్పతీగ వంద గ్రాములు అడిగాను, ఊరికే.
తక్కెడ ముట్టుకోలేదాయన.
ఎవరికి? వయసెంత?
షుగరుందా? కామెర్లు ఎప్పుడన్నా వచ్చాయా?
డాక్టరు బిళ్లలేం మింగుతోంది?
ఎవరు వాడమన్నారు?
కడుపుతో గానీ ఉందా?
"ఇదే పోలికతో ఇంకో తీగుంది బాబూ,
తెచ్చేవాడే ఒక్కోసారి పోల్చుకోలేడు" అని
ఎండిన ముక్క ఒకటి విరిచి వాసన చూసి
మళ్లీ డబ్బాలో వేసేశాడు.
నా డబ్బులు నా చేతికే ఇచ్చాడు.

నా వాక్యం
ఎవర్నీ ఏమీ అడగలేదు.

ఇప్పుడు రాత్రుళ్లు దిద్దుతున్నాను.
ఎవరు చూశారు, ఎంతమందిలో చూశారు,
ఎన్నాళ్లు చూశారు,
గాజు కుప్పెలోనా, ఎలుకలోనా, మనిషిలోనా.
వెతుకుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది.
ఒక్కో ఆకుకి
పేరాలన్నీ రాలిపోయి
చివరికి ఒకటే మాట మిగులుతుంది: తెలియదు.
పాత రేటుకైతే పావలా.
అది రాయడానికి మూడు రాత్రులు పట్టింది.

నా పేజీ నేను మార్చుకున్నాను.
ఎత్తుకుపోయినవాళ్ల దగ్గర మాత్రం
అది అలాగే ఉంది, అదే శ తో.
ఒకచోట చుట్టూ ఎర్రంచు కట్టారు,
ఒకచోట పైన దేవుడి బొమ్మ పెట్టారు,
ఒకచోట తీయటి ఆడగొంతు
కశాయం, కశాయం అని
నా తప్పుని తప్పు లేకుండా చదువుతోంది.
రాసినవాళ్లకి ఉత్తరాలు పెడుతున్నాను.
ఇరవైమూడు వెళ్లాయి.
ఇద్దరు జవాబిచ్చారు.
ఒకాయన అక్షరదోషం చెప్పినందుకు
కృతజ్ఞతలన్నాడు,
శ తీసి ష పెట్టాడు,
వాక్యం ఉంచేశాడు.

నిన్న సలోమి వచ్చింది.
కళ్లలో పసుపు అంచుల దాకా తగ్గింది.
గుమ్మంలో నిలబడే అడిగింది,
"పోనీ, మెంతులు నానేసుకుని తాగొచ్చా సార్?"

మంగళవారం నాటి వ్యాసం గుర్తొచ్చింది.
నాలిక చివరి దాకా వచ్చింది జవాబు.
స్టూలు ముందుకు జరిపి
కూర్చోమన్నాను.
"షుగరు బిళ్ల ఏది వేసుకుంటున్నావు?
ఆ చీటీ తెచ్చావా?"