సున్నం ఆరేలోగా

మొన్నటిదాకా పర్లాకిమిడిలో మా వీధి గోడకి
తెలుగులోనే రాసేవాణ్ణి, మూరెడేసి అక్షరాలు.

మగ్గాలోళ్ళు సగంమంది సూరత్ పోయారు.
మిగిలిన సగాన్ని
కాలవ అవతలి వార్డులో కలిపేశారు.
కొత్త గీత బల్లెడ చిన్నమ్మడి ఇంట్లోంచే పోయింది:
పొయ్యి పదకొండులో, పెరడు పన్నెండులో.

నిరుడు ఒకరి పోస్టరుకొకరు పేడ కొట్టించిన
బిసోయిబాబూ, మా బొమ్మాళి గవరయ్యా
ఒకే బల్లమీద టీ తాగుతూ చెప్పారు:
"గొడుగు పక్కన చక్రం వెయ్యి.
పేర్లు ఒడియాలో.
అడుగున చోటుంటే తెలుగు."

కొలిచాను. జానెడుంది.

రాత్రి సూరత్ నుంచి కూర్మారావు ఫోను:
"ఓటుకి రావాలా? ఈసారి మనం ఎవరివైపు?"

గోడ ఇంకా తడిగానే ఉంది.
"టికెట్టు తియ్యకురా," అన్నాను,
"నీ పేరు ఏ వార్డులో పడిందో
ముందు చూడనీ."