దుమ్ము కాలమ్

పదేళ్ళ ఇష్యూ లెక్కలు ఎక్సెల్లోకి దించుకున్నాను.
పదకొండు వేల పైచిలుకు వరుసలు.
సున్నా ఉన్న చోటల్లా ఎర్రరంగు పూశాను.
మధ్యాహ్నానికి తెర
రేటు పడిపోయిన రోజు మదనపల్లె మార్కెట్లో
టమోటా గుట్టలా ఉంది.

గ్రూప్ టూ గైడు ఏడు కాపీలు,
ఏడూ అట్టలూడి, దారంతో కుట్టించుకుని తిరుగుతున్నాయి.
విదేశీ జర్నల్ ఒకటి.
దాని ఏడాది చందాకి ఒక స్కాలరు ఫెలోషిప్పు చాలదు.
డౌన్‌లోడ్లు నాలుగు.
ఆ నాలుగూ, పనిచేస్తోందా లేదా అని నేను నొక్కినవే.

గురువారానికి కమిటీకి జాబితా కావాలి.
కొత్తవాటికి చోటు లేదు, సున్నాలు ముందు పోవాలి.
న్యాయమే. ఆ నియమం రాసింది నేనే.

ట్రాలీ తోసుకుంటూ చెంగల్రాయులు
మూడో ర్యాకు దగ్గర ఆగాడు.
"మేడమా, ఇది గూడా పొయ్యేదేనా?"
చంద్రగిరి తాలూకా చెరువులు, తూములు, కలుజుల మీద
ఎప్పుడో ఎవరో రాసిన సన్నటి పుస్తకం.
పదేళ్ళలో సున్నా.
పుస్తకం నెత్తిమీద వేలు రాసి చూపించాడు.
శుభ్రంగా ఉంది.
పక్కదాని మీద రాశాడు.
వేలు బూడిదలో ముంచినట్టయింది.
"దుమ్ము లేదంటే ఎవురో తీస్తా ఉండారు మేడమా.
దుమ్ముకి అబద్ధం చెప్పను రాదు."

లోపల బస్సు టికెట్టు, పాకాల నుంచి తిరుపతికి, పోయిన నెలది.
నలభై రెండో పేజీలో, కలుజు బొమ్మ పక్కన
పెన్సిలుతో, ఊదితే పోయేంత పలచగా:
"మేం దీన్ని మొరవ అంటాం. మా ఊర్లో పూడ్చేసినారు."

ఎవరో కార్డు లేని మనిషి.
లేదా కార్డుండీ, మూడొందల నలభై ఫైను కట్టలేక
కౌంటరు వైపు రాకుండా
కిటికీ పక్క బల్ల మీద చదువుకుని
తీసినచోటే పెట్టి పోయే మనిషి.
ఆ ఫైను లెక్కగట్టేదీ నా కంప్యూటరే.

నా పేరున ఇష్యూ చేస్తే సున్నా ఒకటవుతుంది.
స్కానరు చేతిలోకి తీసుకున్నాను కూడా.
చెంగల్రాయులు తల అడ్డంగా ఊపాడు.
"ఆ పని చేస్తే రేపు మీ లెక్కని ఎవురు నమ్మేది?"

అందుకని చివర్న ఇంకో కాలమ్ పెంచాను.
పేరు, దుమ్ము.
ఆయన ర్యాకు ర్యాకుకీ వేలు పెట్టి చెబుతుంటే
ఉంది, లేదు, కొంచెం,
అని కొట్టుకుంటూ పోయాను
వాచ్‌మన్ తాళాలు మోగించేదాకా.

ఎర్రగడుల్లో నూట ఆరు తెల్లబడ్డాయి.
మిగతావి పోతాయి. పోనీ.

కమిటీలో అడుగుతారు,
ఈ కాలమ్ ఏమిటి, దీనికి కొలమానం ఏది అని.
చెంగల్రాయులు వేలు అని చెప్పాలి.

మార్చిలో ఆయన రిటైరు.