చారడేసి కళ్ళు

అల్లిపురం సందులో ప్రెస్సు. నేను కంపోజిటర్ని.
సీసం అక్షరాలేరి వేళ్ళు నల్లబడ్డ రోజుల్లో
వానలో వచ్చిందామె.
గొడుగు కాగితాల కట్టకి పట్టింది, తను తడిసింది.
పేరడిగితే కోరాడ మాసాన్ అంది.
ఇంటిపేరు భీమిలి వైపుది, ఒంటిపేరు మాల్మీన్‌ది.
మా ఓనరుకి రెండూ కలిపి నోరు తిరగలేదు,
బిల్లు మీద బర్మామ్మ అని రాసుకున్నాడు.

పదకొండేళ్ళప్పుడు మన రేవులోనే ఓడ దిగిందట.
ట్రంకుపెట్టెలో కుట్టుమిషను తల ఒక్కటీ వచ్చింది,
కాళ్ళు అక్కడే ఉండిపోయాయి.
జ్ఞానాపురం కమ్మరి కొత్త కాళ్ళు చేసిచ్చాడు,
ఒకటి కాస్త పొట్టి.
ఇప్పటికీ ఆ మిషను కుంటుకుంటూనే కుడుతుంది.
పగలు జాకెట్లు, రాత్రి నవలలు.
కంచరపాలెం క్యాంపులో రేకుల కింద
రెండు తెలుగులు నేర్చింది, బడిలో ఒకటీ కుళాయి దగ్గర ఒకటీ.
కుళాయిదే చివరికి అన్నం పెట్టింది.

ణ ఉన్నచోట న రాసేది, ళ ఉన్నచోట ల.
నేను దిద్దుకుంటూ పోయేవాణ్ణి, ఏమీ అనేది కాదు.
ఒక్కసారి మాత్రం నా చెయ్యి పట్టుకు ఆపింది.
"ఆ పిల్ల అలాగే మాటాడతాది బాబూ, ఉంచీండి."
నలభై రెండో పేజీ. ఆ న ఇంకా అక్కడే ఉంది.

రాసిందల్లా కాలేజీ మెట్లెక్కిన పిల్లల ప్రేమలే.
జాలరిపేట కుర్రాడూ, రైల్వే క్వార్టర్సు బెంగాలీ అమ్మాయీ,
మధ్యలో అట్టలూడిన గ్రామరు పుస్తకం.
చెవులు వినపడని ఆల్బర్టు,
వాడితో పోట్లాడ్డానికే చేతిసైగలు నేర్చిన ఫర్జానా.
పాడేరు నుంచి హాస్టలుకొచ్చిన పిల్ల
సముద్రాన్ని మొదటిసారి చూసి
"దీనికి అవతలి గట్టేదీ?" అని వాణ్ణి నిలదీసిన చోట
ఒకే లైను రెండుసార్లు పేర్చేశాను. తిట్లు తిన్నాను.

విజయవాడ నుంచి వారపత్రిక ఎడిటరు రాశాడు:
కథ బాగుంది, పేర్లు మార్చండి,
పాఠకులు మనవాళ్ళే అనుకోవాలి.
ఉత్తరం నా బల్ల మీద పరిచి
"మన అంటే ఏ ఊరండీ?" అంది.
నాది తుని. ఏం చెప్పను?

అసలు చెప్పాల్సింది మొదటి నవల సంగతి.
చేతిరాతలో నాయిక ఇలా ఉండేది:
చారడేసి కళ్ళు, కోటేరేసిన ముక్కు, నిమ్మపండు ఛాయ.
ఆ మాటలు నా వేళ్ళకి అలవాటే,
కళ్ళు మూసుకునైనా పేర్చగలను,
ప్రతి నవలలోనూ అవే గదా.
ప్రూఫు మీద ఆమె అక్కడే ఆగిపోయింది.
కిటికీ అద్దంలో తనని చూసుకుందో
వీధిలో సోడాబండిని చూసిందో, నేను గమనించలేదు.
ఎర్ర పెన్సిలడిగింది.
మూడూ కొట్టేసి పక్కన రాసింది:
"నవ్వితే దాని కళ్ళు కనబడవు.
అప్పుడే వాడికది ఎక్కువ కనబడేది."
సీసం తీసి మళ్ళీ పేర్చాను. ఓనరు ఆ అరగంట కూలి ఇవ్వలేదు.

పూర్ణా మార్కెట్టు దగ్గర అద్దె పుస్తకాల కొట్లో
రోజుకి పావలా.
ఫిజిక్సు రికార్డు అట్ట తొడిగి తీసుకుపోయేవారు,
తిరిగొచ్చేసరికి ఆ పేజీ చెవి మడిచి ఉండేది.
ఎవరో పెన్నుతో, చిన్నక్షరాలతో,
"నాక్కూడా" అని రాశారు. అంతే.

ఇరవై మూడు నవలలు.
ఆఖరి రెండూ హుద్‌హుద్ రాత్రి కప్పుతో పాటు పోయాయి,
ఒకటి గుర్తున్నంత మేర మళ్ళీ రాసింది,
రెండోది వద్దులే అంది.

నిన్న వచ్చింది, చేతికర్రతో.
సీసం లేదిప్పుడు, ప్రెస్సూ లేదు,
మా మనవడి ఫోనులో నేనే కొడుతున్నాను.
ఆమె చెబుతోంది, ఎండుచేపల గట్టు మీద కొత్త పిల్ల కథ.
చారడేసి, అంది.
అంతవరకు కొట్టానో లేదో
ఫోను దానంతటదే "కళ్ళు" అని అందించింది.
చూపించాను.
పడీపడీ నవ్వింది, కళ్ళు రెండూ మాయమైపోయాయి.
"ఉప్పు బాబూ. చారడేసి ఉప్పు."

రాసిచ్చిన మిగతా కాగితాల్లో
ఈసారీ ణ తప్పింది, నాలుగు చోట్ల.
చూడనట్టే ఊరుకున్నాను.