నలభై ఏడో పేజీ

ఏం రాస్తుంటావని అడుగుతారు, మసేరు పెళ్లిళ్లలో.
పుస్తకాలే, అంటాను.
కథలా?
కాదు, ఫ్రిజ్ ఎలా వాడాలో.
పళ్లెం పట్టుకుని మెల్లగా పక్కకు జరుగుతారు.

రోమాలో చదివాను నేను. ఇటలీలోది కాదు,
మా కొండల మధ్య, గుర్రాలు గేటు దాకా వచ్చి తొంగిచూసే రోమా.
పొద్దున సూక్ష్మజీవులు, సాయంత్రం పద్యాలు.
జీవశాస్త్రం సారు అనేవారు: రిపోర్టులో ఇన్ని ఉపమానాలేమిటి?
సాహిత్యం మేడమ్ అనేది: కవితలో ఇన్ని కొలతలేమిటి?
రెంటికీ చెడ్డాననుకున్నాను.
ఆ రెండు తిట్లకూ కలిపి ఇప్పుడు
నెలనెలా జీతం వస్తోంది.

మా కంపెనీ చేసేది ఎండతో నడిచే పెట్టె.
టీకాలు అందులో రెండుకీ ఎనిమిదికీ మధ్య
కదలకుండా పడుకోవాలి.
ఇంజనీరు మొహాపికి వాక్యమంటే
మరలన్నీ బిగించాక మిగిలిన ఖాళీలో కుక్కేది.
అతనికి వోల్టేజి తెలిస్తే చాలు.
నాకు మాత్రం ఎవరి చేతులో తెలియాలి,
ఏ వెలుతురులో, ఎన్ని గంటల డ్యూటీ తర్వాతో.
తెలుసనే అనుకున్నాను.
వేడి మీద పదకొండు హెచ్చరికలు రాశాను.
పొయ్యికి ఆమడ దూరంలో ఉంచండి అని రాయబోయి
మీటరున్నర అని దిద్దుకున్నాను కూడా.

జూలైలో, అంటే మాకు నడిచలికాలంలో,
మోఖోట్లాంగ్ కొండలకు వెళ్లాను.
మంచుకు బస్సు ఆగిపోయిన చోటి నుంచి గుర్రం.
క్లినిక్‌లో నర్సు మమొలెఫి
తన ఊలు దుప్పటి తీసి టీకాల పెట్టెకు కప్పింది,
భుజం మీద పిన్ను పెట్టుకునే ఆ మంచి దుప్పటి.
తను స్వెటర్‌లో వణుకుతోంది.

"మీ పుస్తకం బాగుంది" అంది మర్యాదకి.
"ఎండాకాలంలో చదువుతాను."

టీ ఇచ్చి తన పనిలో పడింది.
అట్ట నుంచి అట్ట దాకా తిరగేశాను, నేను రాసిందే.
చలి అన్న మాట ఒక్కచోటా లేదు.

తర్వాత రెండు సీసాలు తెచ్చింది.
ఒకటి రాత్రి గడ్డకట్టి, పొద్దున కరిగింది. ఒకటి మంచిది.
ఏది ఏదో చెప్పమంది.
నాకు తేడా కనపడలేదు.
రెంటినీ ఊపి కిటికీ దగ్గర నిలబెట్టింది.
మా టీ చల్లారింది.
ఒకదాని అడుగున తెల్లగా మడ్డి దిగడం మొదలైంది.

"ఇది పొడిచినా పిల్లాడు ఏడుస్తాడు" అంది,
"కార్డు మీద ముద్ర కూడా పడుతుంది."

మసేరు తిరిగొచ్చి మూడు వారాలు ఒకటే వాక్యం.
ఇంగ్లీషులో ఒకసారి, సెసోతోలో ఒకసారి.
మొదట: ఘనీభవించిన టీకా తన సామర్థ్యమును కోల్పోవు అవకాశము కలదు.
బాగుందన్నాడు మొహాపి. అందుకే కొట్టేశాను.
తర్వాత ఒక ఉపమానం వచ్చింది, నిజంగా అందమైనది.
అదేమిటో ఇక్కడా చెప్పను. దాన్నీ కొట్టేశాను.
అవకాశం అన్న మాట దగ్గర
రాత్రి రెండింటికి ఒక చెయ్యి ఆగుతుంది,
ఆగి, సర్లే అనుకుంటుంది.
ఆ సర్లేకి చోటివ్వకూడదు.

చివరికి నలభై ఏడో పేజీలో,
ఫ్యూజు బొమ్మ కింద:

గడ్డకట్టిన టీకా కరిగినా టీకా కాదు.
వాడకండి.

మరుసటి చలికాలం ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది.
ఆ పేజీ ఒక్కటే చింపి పెట్టె తలుపుకి అంటించారు.
ఫొటో మూలన, మిగతా పుస్తకం
కుంటి బల్ల కోడు కింద నిమ్మళంగా ఉంది.

కళ్లజోడు తుడుచుకుని పెద్దది చేసి చూశాను.
నా రెండు వాక్యాల కింద నీలం పెన్నుతో
మమొలెఫి మూడోది చేర్చింది:
అనుమానముంటే ఊపి, పక్కన మంచిదాన్ని పెట్టి చూడండి.

కళ్లారా చూసొచ్చి కూడా
అది రాయలేదు నేను.

మొహాపికి ఫోన్ చేశాను,
మూడో ముద్రణకి కాగితం ఎంత ఉందని.
ఈసారి ఆ మాట
మొదటి పేజీలో పెట్టాలి.